లైబ్రరీ పుస్తకం అప్పా, ఎరువా?

సందేహం: లైబ్రరీకి పోయిన ప్రతిసారీ చదవగలిగినదానికి రెండింతలు పుస్తకాలు మోసుకొస్తాను. సగం ముట్టకముందే గడువు అయిపోయి టెన్షన్ మొదలవుతుంది. ‘అప్పు తెచ్చిన పుస్తకాలు’ అంటే మా నాయనమ్మ ‘అప్పు కాదు బిడ్డా, ఎరువు’ అంటుంది. ఎరువంటే పొలంలో వేసేది కదా? నాలాంటివాళ్లను ‘పుస్తకాల పురుగు’ అనవచ్చా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీ నాయనమ్మ మాటే సరైనది. పొలంలో వేసే ఎరువు వేరు, ఈ ఎరువు వేరు. రూపం ఒకటే అయినా అర్థాలు రెండు.

తిరిగి ఏమిస్తామన్నదాన్ని బట్టి మనవాళ్లు ఒక్కోదానికి ఒక్కో మాట పెట్టుకున్నారు. డబ్బు తెస్తే అప్పు. ఆ నోట్లు ఖర్చయిపోతాయి, వేరే నోట్లతో తీరుస్తాం, చాలాసార్లు మిత్తి కూడా కడతాం. కిరాణా దుకాణంలో సామాను తెచ్చి పైసలు తర్వాత ఇస్తే ఉద్దెర. పక్కింట్లో గిన్నెడు బియ్యం తెస్తే బదులు. ఆ బియ్యం వండుకొని తింటాం, మళ్లీ అన్నే బియ్యం ఇస్తాం, అవే గింజలు కావు. పెళ్లికి చుట్టాల నగ తెచ్చి పెట్టుకుంటే మాత్రం అది ఎరువు. ఏది తెచ్చామో అదే, చెక్కుచెదరకుండా తిరిగి చేరాలి. లైబ్రరీ పుస్తకం సంగతీ ఇంతే. ముద్ర వేసి నంబరు రాసిన ఆ ప్రతే తిరిగి చేరాలి.

‘ఎరువుల సొమ్ములు బరువుల చేటు, తియ్యా పెట్టా తీపుల చేటు, అందులో ఒకటి పోతే అప్పుల చేటు’ అని సామెత. నగల గురించి పుట్టిన మాటే అయినా మీ చేతిసంచికి ఎంత బాగా సరిపోయిందో చూడండి. బరువు మోసేది మీరే. చివరి ముక్క ఇంకా ముఖ్యం. ఒక పుస్తకం పోగొట్టుకుంటే వెల కట్టాలి, అంటే అప్పటిదాకా ఎరువుగా ఉన్నది ఆ రోజున అప్పవుతుంది. రెండు మాటలకూ ఉన్న తేడాను ఇంతకంటే స్పష్టంగా నేను చెప్పలేను.

‘అరువు’ అని రాసినా తప్పు లేదు. కానీ ‘అరువు లేదు’ అని దుకాణాల్లో రాసిపెట్టేది ఉద్దెర గురించి కాబట్టి, నా ఓటు ఎరువుకే. 1904లోనే రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం వెలసిన మీ ఊళ్లో, పుస్తకం ఇంటికి తెచ్చుకోవడానికి ఉన్న ఇంత మంచి మాట నాయనమ్మల దగ్గరే ఆగిపోతే నాకు బాధగా ఉంటుంది. ‘ఎనిమిది పుస్తకాలు ఎరువు తెచ్చుకున్నాను’ అని ధైర్యంగా రాయండి. ఎవరైనా నవ్వితే అర్థం చెప్పండి.

ఇక పుస్తకాల పురుగు అంటే దొరికినదల్లా చదివేసేవాళ్లు, సగం చదవకుండా తిరిగిచ్చేవాళ్లు కాదు. ‘ఆశపోతు’ అనడానికి నాకు మనసొప్పదు, అందులో ఈసడింపు ఉంది. మీకు తగిన మాట ‘ఆత్రం’. సంస్కృతంలోని ‘ఆతుర’ నుంచి వచ్చి మన ఇళ్లలో కలిసిపోయింది. అన్నం వడ్డించకముందే కంచం లాక్కునే పిల్లను ‘ఎందుకే అంత ఆత్రం’ అని తల్లి అంటుంది చూడండి, ఆ ఆత్రం.