మీరు అడిగారు, మేం చెప్తాం: జెండా రంగులు ఎవరివి?

ప్రశ్న: పంద్రాగస్టు దగ్గర పడిందంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏటా ఇదే గొడవండీ. కాషాయం హిందువులది, పచ్చ ముస్లింలది, తెలుపు మిగతావాళ్లది అని ఒక అంకుల్, కాదు త్యాగం, శాంతి, పంటలు అని ఇంకో ఆంటీ. ఏది కరెక్టు?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: ఇద్దరూ కరెక్టేనమ్మా, కాకపోతే అంకుల్ 1921లో ఆగిపోయారు. ఆ ఏడు బెజవాడ కాంగ్రెస్ సభల్లో మన పింగళి వెంకయ్య గారు ఎరుపు, పచ్చ రెండు రంగుల జెండా గాంధీ గారికి చూపించారు, ఎరుపు హిందువులకి పచ్చ ముస్లింలకి అని లెక్క, మరి మిగతావాళ్ల సంగతేంటని ఆయన తెలుపు కూడా చేర్పించి రాట్నం పెట్టించారు. (కాషాయం కాదు, అప్పుడు ఎరుపే, గమనించండి.) ఆ లెక్క మొదలుపెట్టాక ఊరుకుంటారా, సిక్కులు మా రంగేదీ అన్నారు. 1931లో ఏడుగురితో కమిటీ వేస్తే జెండా మొత్తం కాషాయమే ఉంచి రాట్నం వేయమంది, కాంగ్రెస్ ఒప్పుకోలేదు. చివరికి పైన కాషాయం, మధ్యలో తెలుపు, కింద పచ్చ అని ఖాయం చేసి, వీటికి మతంతో పని లేదని కూడా చెప్పేశారు: కాషాయం ధైర్యం, త్యాగం, తెలుపు శాంతి, సత్యం, పచ్చ విశ్వాసం, శౌర్యం.

ఇందులో పంటలు లేవు చూశారా! 1947లో రాజ్యాంగ సభలో రాధాకృష్ణన్ గారు మాట్లాడుతూ పచ్చ అంటే నేలతో, చెట్టూచేమతో మనకున్న బంధం అన్నారు, ఆంటీ గారి పంటలు బహుశా అక్కడివే.

అసలు తమాషా ఏంటంటే ఆ జూలై 22న నెహ్రూ పెట్టిన తీర్మానంలో రంగులకి అర్థాలే రాయలేదు. ముదురు కాషాయం, తెలుపు, ముదురు పచ్చ సమానంగా, మధ్యలో నేవీ బ్లూ చక్రం, ఎత్తు 2 వంతులైతే పొడవు 3, అంతే. ఆ చక్రం కూడా రాట్నానికి గుర్తుగానే అని ఉంది. మరి రాట్నమే ఉంచొచ్చుగా అంటే, దానికి ఒక పక్క చక్రం ఇంకో పక్క కదురు, జెండాని అటువైపు నుంచి చూస్తే బొమ్మ తిరగబడుతుంది, అందుకని సారనాథ్ అశోక స్తంభం మీది చక్రం తీసుకున్నామని నెహ్రూయే చెప్పారు. పెద్ద పెద్ద వేదాంతాల కంటే నాకు ఈ కారణమే నచ్చుతుంది. చక్రంలోని 24 ఆకులకి 24 గుణాలంటూ తిరిగే మెసేజ్ ఉంది కదా, ఆ లిస్టు తీర్మానంలో ఎక్కడా లేదు, ఫార్వర్డ్ చేసేవాళ్లకి చెప్పండి.

ప్రశ్న: నిజాం జెండా మీద ఉన్నది కుల్చా రొట్టె అంటారు, నిజమా?
– డిగ్రీ స్టూడెంట్, శాలిబండ

జవాబు: కథైతే అలాగే చెప్తారు బాబూ. మొదటి నిజాం అసఫ్ జా ఆకలితో ఒక సూఫీ గురువు దగ్గరికెళ్తే ఆయన పసుపు గుడ్డలో కట్టిన కుల్చాలు పెట్టారట, ఈయన ఏడు తిన్నారట, ఏడు తరాలు ఏలుతావని దీవించారట, అందుకే పసుపు జెండా, మధ్యలో గుండ్రటి కుల్చా. చూస్తే అసఫ్ జా బిరుదుతో ఏలిన నిజాములూ సరిగ్గా ఏడుగురే. లెక్క మరీ అంత బాగా కుదిరింది కాబట్టే నాకు డౌటు, ఏడో ఆయన టైములోనో తర్వాతో ఎవరో ఆ అంకె సర్దేసి ఉంటారు.