పాత ప్రింటర్, చిన్న బోర్డు, మూడు వారాల శ్రమ: దీనికి ఉద్యోగ విలువ ఉంటుందా?

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మూడు వారాలుగా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో కుస్తీ పట్టి, యూఎస్‌బీ తీగ తప్ప మరేమీ లేని మా పాత ప్రింటర్‌కు ఇంట్లో అందరూ ఫోన్ల నుంచి, ల్యాప్‌టాప్‌ల నుంచి వైఫైలో ప్రింట్ పంపేలా ఏర్పాటు చేశాడు. ఈలోగా అతని స్నేహితులు కోడింగ్ పోటీలకు సిద్ధమవుతున్నారు. వైఫై ఉన్న ప్రింటర్ కొంటే తీరిపోయే పనికి ఇంత సమయం పెట్టడం సరైనదేనా? ఉద్యోగానికి ఇది ఏ రకంగానైనా పనికొస్తుందా?

జవాబు: కొత్త ప్రింటర్ కొనడమే సులువన్న మీ మాటతో నాకు పేచీ లేదు. ఇలా ఒక ప్రింటర్‌ను నెట్‌వర్క్‌లో అందరికీ పంచే ప్రింట్ సర్వర్ పెట్టడం వచ్చినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చే సంస్థ ఉండదన్నదీ నిజమే. అయితే ఈ పనిని రెండు రకాలుగా పూర్తి చేయవచ్చు. ఎవరో రాసిపెట్టిన ఆదేశాలను వరసగా టైప్ చేసి, అదృష్టం బాగుండి మొదటిసారే ప్రింట్ వస్తే అది ఒక సాయంత్రం పని. దానివల్ల నేర్చుకునేది కొంచెమే. మీ అబ్బాయికి మూడు వారాలు పట్టిందంటే మధ్యలో ఎక్కడో గట్టిగా ఇరుక్కుని ఉంటాడు. ఎక్కడ ఇరుక్కున్నాడో, కారణాన్ని ఎలా పట్టుకున్నాడో అడగండి. మీ ప్రశ్నకు అసలు జవాబు అతని దగ్గరే దొరుకుతుంది.

ఫోన్‌లో ప్రింట్ బొత్తాం నొక్కిన తర్వాత జరిగేది చూస్తే ఇలా ఎందుకు అంటున్నానో తెలుస్తుంది. ముందుగా ఆ నెట్‌వర్క్‌లో ఏయే ప్రింటర్లు ఉన్నాయని ఫోన్ వాకబు చేస్తుంది. బోర్డు మీద నడిచే అవాహి అనే సేవ 'ఇక్కడ ఒకటుంది' అని బదులిస్తుంది. ఆ తర్వాత ఫోన్ తన పత్రాన్ని ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్ అనే పద్ధతిలో బోర్డుకున్న 631వ పోర్టుకు, అంటే ఆ నంబరు గల నెట్‌వర్క్ ద్వారానికి, పంపుతుంది. అక్కడ కప్స్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని వరసలో నిలబెట్టి, ప్రింటర్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చి, యూఎస్‌బీ మీదుగా దించుతుంది. నెట్‌వర్క్ అన్వేషణ, పోర్టులు, అనుమతులు, వెనకాల నిరంతరం నడిచే సేవలు, పరికరాలను నడిపించే డ్రైవర్ ప్రోగ్రాములు అన్నీ ఈ ఒక్క దారిలోనే ఎదురవుతాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ నెట్‌వర్క్స్ అనే రెండు సబ్జెక్టుల్లో పరీక్ష కోసం బట్టీ పట్టే మాటలు ఇక్కడ చేతికి తగులుతాయి.

ఈ పనికి పూనుకున్నవారు ఎక్కువగా తడబడే చోటు డ్రైవర్. ప్రింటర్ తయారీదారులు లినక్స్ (ఈ బోర్డు మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) కోసం ఇచ్చే డ్రైవర్లు చాలావరకు ఇంటెల్ తరహా ప్రాసెసర్ల కోసమే తయారుచేసినవి. రాస్ప్‌బెర్రీ పై మీద ఉండేది ఆర్మ్ ప్రాసెసర్ కాబట్టి అవి అక్కడ నడవవు. అప్పుడు గూటెన్‌ప్రింట్ వంటి సోర్స్ కోడ్ అందుబాటులో ఉన్న డ్రైవర్ తన మోడల్‌కు సరిపోతుందేమో వెతకాలి. లేదా ఆ ప్రింటర్‌కు పోస్ట్‌స్క్రిప్ట్ గానీ పీసీఎల్ గానీ, అంటే చాలా ప్రింటర్లకు ఉమ్మడిగా ఉండే భాషల్లో ఒకటి, అర్థమవుతుందని తేల్చుకుని సాధారణ డ్రైవర్ పెట్టాలి. కొన్ని చవక లేజర్ ప్రింటర్ల సంగతి మరీ విచిత్రం: ఆపివేసిన ప్రతిసారీ తమను నడిపే లోపలి ప్రోగ్రామును, అంటే ఫర్మ్‌వేర్‌ను, మరచిపోతాయి, మళ్లీ వెలిగించగానే కంప్యూటరే దాన్ని ఎక్కించాలి. మీ అబ్బాయి ఇలాంటి చిక్కును లాగ్ ఫైళ్లు (జరిగినదాన్ని యంత్రం రాసిపెట్టే చిట్టాలు) చదివి తనంతట తాను విడదీసి ఉంటే, పరికరాల లోపల ఇమిడి ఉండే కంప్యూటర్లతో పనిచేసే ఎంబెడెడ్ సిస్టమ్స్ రంగంలో రోజూ జరిగే పని రుచి అతనికి అప్పుడే తెలిసినట్టు.

ఇక రెజ్యూమె సంగతి. 'రాస్ప్‌బెర్రీ పైతో ప్రింట్ సర్వర్' అనే ఒక్క వాక్యాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ శీర్షికతో ప్రాజెక్టులు కోకొల్లలు. దాని బదులు సమస్యను, కారణాన్ని, పరిష్కారాన్ని రాయాలి. ఉదాహరణకు, రూటర్‌ను ఆపి వెలిగించాక బోర్డుకు వేరే ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే సంఖ్య) రావడం వల్ల ల్యాప్‌టాప్‌లకు ప్రింటర్ కనబడకుండా పోయేదని, రూటర్‌లో ఆ బోర్డుకు ఒక చిరునామాను కేటాయించి దాన్ని సరిచేశానని రెండు వాక్యాల్లో చెబితే, ఇంటర్వ్యూ చేసేవారు అక్కడి నుంచి పది ప్రశ్నలు అల్లుకోగలరు. సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్, నెట్‌వర్క్ సపోర్ట్, డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్ల మీద పెట్టి నడిపే పని) ఉద్యోగాల ఇంటర్వ్యూలలో ఇలాంటి సంభాషణకు బరువుంటుంది. అల్గారిథమ్స్ మీద రాత పరీక్ష పెట్టే సంస్థల దగ్గర మాత్రం ఇది అక్కరకు రాదు. స్నేహితులు చేస్తున్న అభ్యాసాన్ని మీ అబ్బాయి కూడా రోజుకు కొంత సేపు చేయక తప్పదని నా అభిప్రాయం.

భద్రత వైపు అతనికి ఆసక్తి ఉంటే ఇదే బోర్డు మరో తలుపు తెరుస్తుంది. 2024 సెప్టెంబరులో సిమోనే మార్గారిటెల్లి అనే పరిశోధకుడు కప్స్‌కు అనుబంధంగా నడిచే ఒక సేవలో లోపాలను బయటపెట్టారు. ఆ సేవ 631వ యూడీపీ పోర్టుకు ఎవరు పంపిన సందేశాన్నైనా నమ్మేది. దాంతో దాడి చేసేవారు ఒక నకిలీ ప్రింటర్‌ను చొప్పించి, దానికి ఎవరైనా ప్రింట్ పంపినప్పుడు తమ ఆదేశాలను ఆ యంత్రంలో నడిపించగలిగేవారు. 'కప్స్ బ్రౌజ్డ్' అనే ఆ సేవ తన బోర్డు మీద నడుస్తోందా, అవసరమా, ఆ పోర్టు ఇంటి రూటర్ దాటి బయటకు కనబడుతోందా అని మీ అబ్బాయి స్వయంగా పరీక్షించుకోవాలి. అనుకోకుండా తెరిచి ఉంచిన పోర్టును తానే కనిపెట్టి మూస్తే, అది కూడా రెజ్యూమెలో రాయదగిన విషయమే.

ప్రోగ్రామింగే ప్రధానంగా ఉండాలని అతను కోరుకుంటే దానికీ దారి ఉంది. మైఖేల్ స్వీట్ మొదలుపెట్టిన కప్స్ సోర్స్ కోడ్‌ను 2007లో ఆపిల్ కొనుగోలు చేసి, ఆయననూ ఉద్యోగంలోకి తీసుకుంది; ఆయన ఆ సంస్థను వీడిన తర్వాత లినక్స్ ప్రపంచం వాడే కప్స్ అభివృద్ధి ఓపెన్‌ప్రింటింగ్ బృందం ఆధ్వర్యంలో సాగుతోంది. పాత పద్ధతి డ్రైవర్లను క్రమంగా వదిలిపెట్టి, వాటి స్థానంలో ప్రింటర్ అప్లికేషన్లు అనే చిన్న ప్రోగ్రాములను తేవాలన్నది వారి దిశ. అంటే ఇంట్లో ఉన్నలాంటి పాత ప్రింటర్లను బతికించుకోవడానికి సీ భాష తెలిసినవారి అవసరం ఉంది. విద్యార్థులకు భృతి ఇచ్చి పని నేర్పే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో కూడా ఈ బృందం ఏళ్లుగా పాల్గొంటోంది. మొదటి రోజే పెద్ద కోడ్ రాయనవసరం లేదు. తన ప్రింటర్ మోడల్‌లో కనబడిన లోపాన్ని లాగ్‌తో సహా స్పష్టంగా నివేదించడం మంచి ప్రారంభం.

ఇప్పటికి పెట్టిన మూడు వారాలు వృథా కాలేదు కానీ, బోర్డుకు రంగుల తెర తగిలించడానికో, అందమైన డబ్బా చేయడానికో నాలుగో వారం పెడతానంటే వద్దనండి. దానికి బదులు ఒక పని చెప్పండి. ఇప్పుడున్న మెమరీ కార్డును తీసి పక్కన పెట్టి, ఖాళీ కార్డు మీద మొత్తం ఏర్పాటును తన నోట్సు మాత్రమే చూసుకుంటూ మళ్లీ చేయమనండి. నోట్సే లేకపోతే ముందు అది రాయాలి. ఒక పూటలో ప్రింట్ వస్తే తనేం చేశాడో అతనికి తెలుసన్నమాట. మళ్లీ రోజులు పడితే అది ఇంకా చెప్పుకోదగిన ప్రాజెక్టు కాలేదు. ఆ పూట గడిచాక ఆ మెట్లన్నిటినీ వాటంతటవే నడిచే ఒక స్క్రిప్టుగా మార్చి, నోట్సుతో కలిపి గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే వెబ్‌సైట్‌లో పెట్టి, ఆ లింకును రెజ్యూమెలో ఇవ్వవచ్చు. పెట్టేముందు అందులో వైఫై పాస్‌వర్డు మిగిలిపోలేదని మాత్రం రెండుసార్లు చూసుకోమనండి.