గుట్టెక్కి చేసిన ఫోన్

*నాకు 28 ఏళ్ళు. మాది తెనాలి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మారతహళ్ళిలో ఉంటాను. కిందటేడు జీతం లేని సెలవు పెట్టి, ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున పదకొండు నెలలు పాడేరు ఏజెన్సీలో, పెదబయలు మండలంలో ఒక కొండ ఊళ్ళో పనిచేశాను. కాఫీ రైతుల లెక్కలు రాయడం, సాయంత్రాలు పిల్లలకి చదువు చెప్పడం నా పని. ఫిబ్రవరిలో తిరిగొచ్చాను. అప్పట్నుంచీ దేనిమీదా మనసు నిలవడం లేదు. రూమ్‌మేట్ గిన్నెలు తోముతూ కుళాయి కట్టకపోతే గొడవ పెట్టుకుంటున్నాను. నిశ్చితార్థం అయింది, మాఘంలో పెళ్ళి. అతనిదీ ఇక్కడే ఉద్యోగం, మంచివాడు. మొన్న ఇందిరానగర్‌లో ఒక కాఫీ షాపుకి వెళ్తే మెనూలో 'అరకు' అని కనిపించింది. ఈ కప్పు డబ్బులు రావాలంటే అక్కడ ఎన్ని కిలోల పండు అమ్మాలో తెలుసా అని అందరి ముందూ అతని మీద అరిచేశాను. అతను అసలు కాఫీ తాగడు.*

*ఉద్యోగం మానేసి అక్కడికే వెళ్ళిపోవాలని ఉంది. అరెకరం కొనుక్కుని చిన్న ఇల్లు కట్టుకుంటే చాలు. అక్కడి మనుషుల్లో పోటీ లేదు, టెన్షన్ లేదు. ఇప్పుడు రోడ్డు వేస్తున్నారు, అది పడితే ఆ జీవితం పాడైపోతుందని భయం. అమ్మ 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అంటుంది. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. నేను లేనన్నాళ్ళూ నా చదువు లోను వాయిదాలు ఆయనే కట్టారని ఈమధ్య తమ్ముడు చెబితే తెలిసింది.*

*ఇంకోటి. నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె పది పాసయ్యి మే నెలలో ఫోన్ చేసింది. ఇంటర్లో ఏం చేరాలో కనుక్కుని చెబుతానని ఎప్పుడో మాటిచ్చాను. ఆ ఊళ్ళో సిగ్నల్ ఉండదు, సాయంత్రం గుట్టెక్కి చేసుకుంటారు. మీటింగులో ఉండి ఎత్తలేదు. తర్వాత ఇంకో రెండుసార్లు చేసింది. సిగ్గేసి ఎత్తలేకపోయాను. నేను స్వార్థపరురాలినా? ఏం చెయ్యమంటారు?*

*– ఒక చదువరి, బెంగళూరు*

మీ ఉత్తరంలో 'ఇంకోటి' అన్న చోట నేను చాలాసేపు ఆగిపోయాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళు గంటసేపు ఏవేవో మాట్లాడతారు. లేచి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, 'అన్నట్టు మేడం' అని ఒక మాట అంటారు. చాలాసార్లు అసలు సంగతి అదే అవుతుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మిగతావి చూద్దాం.

కుళాయి విషయంలో న్యాయం మీ వైపే ఉంది. 2024 ఎండాకాలంలో ఇదే ఊళ్ళో ట్యాంకరు కోసం అపార్ట్‌మెంట్లన్నీ ఎలా ఎదురుచూశాయో నాకింకా గుర్తుంది. కాకపోతే చెప్పే పద్ధతి ఒకటుంటుంది కదా.

అరెకరం కొనాలన్న మీ కోరిక చట్టప్రకారం కుదరదు. పదకొండు నెలలున్నారు కాబట్టి 'వన్ ఆఫ్ సెవెంటీ' అన్న మాట వినే ఉంటారు. 1959లో వచ్చిన భూబదలాయింపు చట్టాన్ని 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్‌తో సవరించారు, అదే 1/70. పాడేరు ఏజెన్సీ లాంటి షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్ళకూడదు. గిరిజన రైతు తనంతట తాను ఇష్టపడి అమ్మినా అది చెల్లదు. అక్కడున్న ఒక గిరిజనేతరుడి దగ్గర ఇంకో గిరిజనేతరుడు కొనడం కూడా కుదరదు. కింది నుంచి వచ్చిన షావుకార్లు ఉప్పూ బట్టా అప్పిచ్చి, వడ్డీ కింద పొలాలు రాయించుకుంటూ పోతే, దాన్ని ఆపడానికి పుట్టిన చట్టం ఇది. ప్రభుత్వం కూడా ఈ భూముల్ని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వకూడదని 1997లో, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మొదలైంది మీకు బాగా తెలిసిన వైపే, అనంతగిరి మండలం బొర్రా దగ్గర. 'ఎవరో ఒకరి పేరు మీద రాయించుకుందాం మేడం' అని మీకు చెప్పేవాళ్ళు దొరుకుతారు. ఆ దారి పట్టకండి. షావుకార్లు కూడా ఆ దారినే వెళ్ళారు.

ఇది చెబితే మీ మనసు చివుక్కుమంటుందని తెలుసు. మీరు అలాంటి మనిషి కారు. కానీ ఆ కొండ మీద మీకు సొంత జాగా ఉండకపోవడం వాళ్ళకి రక్షణ. అక్కడి మనుషుల మీద మీకున్న ప్రేమ నిజమైతే, ఆ చట్టం గట్టిగా ఉన్నందుకు సంతోషించాలి.

ఇక రోడ్డు. ఇక్కడ మీతో పోట్లాడతాను. పొడుగాటి కర్రకి దుప్పటి కట్టి, అందులో నొప్పులు పడుతున్న మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుని వాన జారుడులో దిగే డోలీని మీరు చూసే ఉంటారు. సంత రోజు కూడా గుర్తుచేసుకోండి. పొద్దున్నే పసుపు మూట నెత్తిన పెట్టుకుని దిగిన ఆవిడ, మధ్యాహ్నం దాటాక ఎంతంటే అంతకి ఎందుకు ఇచ్చేస్తుంది? అదే మూట మళ్ళీ నెత్తికెత్తుకుని కొండెక్కలేదు కాబట్టి. ఆ సంగతి కొనేవాడికీ తెలుసు. మూటని జీపులో వెనక్కి తీసుకెళ్ళే వీలుంటే 'ఇవాళ అమ్మను పో' అనగలదు. రోడ్డంటే ఆమెకి ఆ ఒక్క మాట అనే ధైర్యం. దాని వెంట చెడూ వస్తుంది, కాదనను. లంబసింగిలో చలికాలం శని ఆదివారాలు కార్లు, సీసాలు ఎలా నిండుతున్నాయో అందరం చూస్తున్నాం. ఏది రానివ్వాలో ఏది ఆపాలో ఊరి గ్రామసభ తేల్చుకోవాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం వాళ్ళకి ఆ అధికారం ఇచ్చింది. మారతహళ్ళిలో క్యాబ్ బుక్ చేసుకునే మనం అక్కడ రోడ్డొద్దంటే వినడానికి బాగుండదు.

మీరు అంతగా ఇష్టపడ్డ కాఫీ తోటలు మాత్రం ఎక్కడివి? అది వాళ్ళ తాతల నాటి పంట కాదు. పోడు వ్యవసాయం కోసం కొండల మీది అడవి నరుక్కోవడం తగ్గించాలని ప్రభుత్వ శాఖలు, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, కాఫీ బోర్డు కలిసి నాటించిన పంట. దానికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. దాని మీదికి పాకే మిరియాల తీగ అదనపు ఆదాయం. బయటి నుంచి వచ్చినదాన్ని వాళ్ళు సొంతం చేసుకున్నారు. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మీకు ఆ మెనూలో ఆ పేరు కనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు. సుమారు ఆరు కిలోల పండు తీసి, తొక్క ఒలిచి, కడిగి, ఎండబెడితే కిలో గింజ వస్తుంది. ఆ తర్వాత వేయించడం, ప్యాకింగు, ఇందిరానగర్ అద్దె. ధర ఏ మెట్టు మీద పెరుగుతోందో లెక్క కట్టి రైతులకి చూపించగలిగిన మనిషి మీరు. ఆ కోపాన్ని కాఫీ తాగని కుర్రాడి మీద ఖర్చుపెట్టారు, పాపం.

అక్కడి మనుషులకి టెన్షన్ లేదని రాశారు. లెక్కలు రాసింది మీరే కదా. ఆ పుస్తకంలో మిరియాలు కోతకి రాకముందే తీసుకున్న అడ్వాన్సులు లేవా? జ్వరం వస్తే తెచ్చుకున్న అప్పు లేదా? టెన్షన్ లేనిది మీకు. తప్పేం లేదు, మీకు ఆ పదకొండు నెలలూ ఊపిరాడింది. కానీ ఎందుకాడిందో చూడండి. ఒకటో తారీఖు వాయిదా కట్టే మనిషి తెనాలిలో ఉన్నారు.

ఇది ఎత్తిపొడుపు కాదు. మీ నాన్నగారు మిమ్మల్ని ఆపాలనుకుంటే ఫోన్ చేసి 'వాయిదా వచ్చిందమ్మా' అంటే సరిపోయేది. అనలేదు. బస్సులో టికెట్లు కొట్టి కూడబెట్టుకున్న డబ్బులోంచి తీసి కట్టి ఊరుకున్నారు. నేనైతే దాన్ని మీరు వెళ్ళడానికి ఆయన సమ్మతి కిందే లెక్కేస్తాను. మా నాన్నగారూ ఇలాంటి మనిషే, ఆయన మౌనంలో ఏముందో తెలుసుకోవడానికి నాకు నలభై ఏళ్ళు దాటాయి. మీరు అంత ఆలస్యం చెయ్యకండి. ఈ వారాంతం తెనాలి వెళ్ళండి. ఒప్పించడానికి కాదు. పక్కన కూర్చుని, ఎంత కట్టారు నాన్నా, ఇంకెంత ఉంది అని అడగండి. ఆ కొండ ఊరి ఫొటోలు చూపించండి. అసలాయన వాటిని చూశారా?

రాజీనామా ఇప్పుడొద్దు. లోను తీరేదాకా వద్దు. నవంబరులో కాఫీ పండు కోత మొదలవుతుంది. వారం సెలవు పెట్టి వెళ్ళండి, పెళ్ళికొడుకుని కూడా రమ్మనండి. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ, అక్కణ్ణుంచి పాడేరు ఘాటు. అతనికి దాన్ని పరీక్షలా పెట్టకండి. బుట్ట నడుముకి కట్టించి ఓ పూట పండు కోయించండి, చాలు. రాననడనే అనుకుంటున్నాను. ఒకవేళ అంటే, మాఘానికి ముందే మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం అది. అక్కడికెళ్ళాక ఒక్కటి కనుక్కోండి: మీరు వచ్చేశాక ఈ ఏడు నెలలూ ఆ లెక్కలు ఎవరు రాస్తున్నారు? ఊళ్ళో కుర్రాడెవరో పట్టుకుని రాస్తుంటే మీ పని బ్రహ్మాండంగా అయినట్టే, అతనికి ఇక్కణ్ణుంచి వారానికో గంట సాయం చేస్తే సరిపోతుంది. ఎవరూ రాయకపోతే, మీరు చేసిన పని ఎక్కడ తెగిందో వాళ్ళనే అడగండి. తర్వాత ఏం చెయ్యాలన్నది వాళ్ళ జవాబు విన్నాకే.

నిద్ర, ఆకలి గురించి మీరు రాయలేదు. అవి కూడా దెబ్బతిని ఉంటే మాత్రం ఇలా ఉత్తరాలతో సరిపెట్టుకోకండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ కౌన్సెలర్లు తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చుండదు. మన ఊళ్ళోనే మానసిక వైద్యానికి నిమ్‌హాన్స్ ఆసుపత్రి కూడా ఉంది.

ఇప్పుడు ఆ అమ్మాయి. మీరు స్వార్థపరులా అని అడిగారు. కాదు. కానీ మొత్తం కొండ కోసం ఉద్యోగం వదిలేస్తానంటున్న మీరు, ఒక పిల్ల ఫోన్ ఎత్తలేకపోతున్నారు. పెద్ద త్యాగం గురించి ఆలోచిస్తున్నంతసేపూ ఈ చిన్న బాకీ గుర్తు రాదు, అందుకే ఆ ఆలోచన అంత హాయిగా ఉంటోందేమోనని నా అనుమానం. ఇంట్లో ఆదివాసీ ఒడియా, బళ్ళో తెలుగు చదువుకుని పది పాసైన పిల్ల, మీ కోసం మూడుసార్లు గుట్టెక్కింది. అడ్మిషన్లు అయిపోయాయి. ఈపాటికి దగ్గర్లో దొరికిన ఏదో గ్రూపులో చేరి ఉంటుంది, లేదా ఇంట్లో ఉండిపోయి పండు కోతకి సిద్ధమవుతూ ఉంటుంది. నర్సు కావాలని ఉండి బైపీసీ తీసుకోకపోతే బీఎస్సీ నర్సింగ్‌కి ఇబ్బందే, కానీ అన్ని దారులూ మూసుకుపోవు. ఎక్కడ చేరిందో ముందు తెలుసుకోవాలి. మానేసి ఉంటే గిరిజన సంక్షేమ గురుకుల కాలేజీల్లో వచ్చే ఏడాది దరఖాస్తులు ఎప్పుడో ఇప్పుడే కనుక్కుని ఉంచండి.

క్షమాపణ పెద్దగా చెప్పకండి, పిల్ల బెదిరిపోతుంది. 'ఫోన్ ఎత్తలేదు, తప్పు నాది. నువ్వేం చేరావు?' అంటే చాలు. ఊళ్ళో ఉంటే పగలు కలవదు. సాయంత్రం అయితే గుట్ట మీద ఎవరో ఒకరు ఉంటారు కదా, ఇవాళే చెయ్యండి. దొరక్కపోతే రేపు, ఎల్లుండి కూడా. ఆ పిల్ల మూడుసార్లు చేసింది.