సమాధానం: గల్లాలో తీసిన డబ్బు – ప్రార్థిస్తే సరిపోతుందా?

వందనాలు బ్రదర్. బాప్తిస్మానికి ముందు పనిచేసిన షాపు గల్లాలోంచి దఫదఫాలుగా 20,000 తీశానని, ప్రార్థనలో ఒప్పుకున్నా మనసు నెమ్మదించడం లేదని రాశారు. దేవుని క్షమాపణను సందేహించకండి. కానీ ఆ సొమ్ము ఇంకా ఓనరుదే, తిరిగి ఇవ్వాలి.

ఎంత? బైబిల్లోని సంఖ్యాకాండము 5:7 కొలతగా తీసుకోండి: అసలు, దానికి అయిదో వంతు. అంటే 24,000. పన్నులు వసూలుచేసే జక్కయ్య, తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నది (లూకా 19:8) తనంతట తానే.

చాలామంది ఓనరు ముఖం చూడలేక ఆ డబ్బు కానుకపెట్టెలో వేసేస్తారు. నష్టపోయినవాడికి పైసా చేరదు. మత్తయి 5:23-24లో ప్రభువు చెప్పిన వరుస చూడండి: ముందు సహోదరుడితో సమాధానపడటం, తర్వాతే అర్పణ.

షాపులో జనం లేని వేళ వెళ్లి, "మీ గల్లాలో ఇంత తీశాను, తప్పు నాది, క్షమించండి" అనండి. జీతం తక్కువని, ఇబ్బందులని కలపొద్దు. ఒప్పుకోలు కాస్తా ఫిర్యాదైపోతుంది. మొత్తం లేకపోతే ఉన్నది చేతిలో పెట్టి, మిగతాది ఏ తేదీకి ఎంతో కాగితం మీద రాసివ్వండి. ఆయన కోప్పడొచ్చు, పోలీసుల దాకా వెళ్తాననొచ్చు కూడా. అందుకే ముందే ఇంట్లో, పాస్టరుగారికి చెప్పి వెళ్లండి. ఓనరు చనిపోయి ఉంటే దగ్గరి బంధువుకు ఇవ్వండి. సంఖ్యాకాండము 5:8లోనూ బంధువు లేకపోతేనే ఆ సొమ్ము యాజకుడికి వెళ్తుంది.