చిన్నా, చేపల్ని రంగు చూసి కొనకు

చిరంజీవి చిన్నాకి, పెద్దమ్మ ఆశీస్సులు.

మధురవాడ ఫ్లాట్‌లో రెండడుగుల అక్వేరియం పెట్టావని, ఆదివారం చేపలు కొనడానికి వెళ్తున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. వెళ్లే ముందు మాత్రం ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

షాపులో ముందు నీ కళ్లు పడేది నియాన్ టెట్రాల మీదే. నీలం చార, ఎర్రటి తోక, చూస్తే ముద్దొస్తాయి. కానీ అవి అమెజాన్ ప్రాంతపు చేపలు. లవణాలు తక్కువున్న నీళ్లు కావాలి, వేడి 26 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడతాయి. మన విశాఖ ఉక్కలో, మే నెలలో తలుపులేసిన ఇంట్లో ట్యాంకు నీళ్లు 30 దాటడం నేను థర్మామీటర్ పెట్టి చూశాను. ఎండాకాలం పోయేదాకా వాటి జోలికి వెళ్లకు.

మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లేగా? బకెట్ అంచున తెల్లటి చార కడుతోందేమో చూడు. కడితే ప్లాటీలు తెచ్చుకో. మెక్సికో, మధ్య అమెరికా వైపు చేపలు, లవణాలున్న నీళ్లంటే వాటికి ఇష్టం. ఒక మగదానికి మూడు ఆడవి చొప్పున నాలుగు చాలు. మగవి ఎక్కువైతే ఆడవాటిని తరిమి తరిమి నీరసపెడతాయి. వాటితో పాటు ఆరు జీబ్రా డానియో చేపలు. ఇవి మన దేశపు వాగుల్లో పుట్టినవే. గుంపుగా తిరిగే జాతి, ఒకటీ రెండూ తెస్తే బెదిరిపోతాయి. పై నీళ్లలో నెమ్మదిగా తిరగడానికి ఒక జత హనీ గౌరామీలు. మొత్తం పన్నెండు. నీ ట్యాంకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అయితే 56 లీటర్లు. అందులో రాళ్లూ ఇసుకా పోను ఇంకా తగ్గుతుంది. అక్కడితో ఆగు.

టైగర్ బార్బుల సంగతి మాత్రం నా మాట విను. ఒకసారి షాపతను "అన్నీ కలిసి ఉంటాయమ్మా" అంటే నమ్మి, ఏంజెల్ ఫిష్ ఉన్న ట్యాంకులో నాలుగు వేశాను. ఏంజెల్ పొట్ట కింద దారాల్లా రెండు పొడుగాటి రెక్కలు వేలాడుతుంటాయి కదా, బార్బులు ఒక్కొక్కటే వచ్చి వాటిని కొరికి పారిపోయేవి. మూడో రోజుకి ఆ దారాల చోట తెల్లటి మొండి ముక్కలు మిగిలాయి. పాపం, అది ఫిల్టర్ వెనక మూలకి చేరి, మేత వేసినా బయటికి రాలేదు. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధేస్తుంది. అదే ఏంజెల్ పెద్దదయ్యాక నోట్లో పట్టే చిన్న చేపని మింగేస్తుందని కూడా తెలుసుకో.

గాజు శుభ్రం చేస్తుందని రెండంగుళాల సక్కర్ ఫిష్ అంటగడతారు. వద్దు. అది అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు దాన్ని ముడసర్లోవ రిజర్వాయర్‌లోనో, ఏ గెడ్డలోనో వదలకూడదు. మన చెరువుల్లో అది ఇప్పటికే పెద్ద బెడద.

తక్కువ చేపలు ఎందుకంటున్నానో చెప్తాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధికి ఆరు రోజులు కరెంటు లేదు. గాలి మోటారు ఆగిపోయింది. నా ట్యాంకులో పదే చేపలు ఉన్నాయి. మగ్గుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ, మేత ఆపేసి అన్నిటినీ కాపాడుకున్నాను. గౌరామీలైతే పైకొచ్చి గాలి పీల్చుకోగలవు, వాటికి ఆ టెన్షన్ తక్కువ. ముప్ఫై చేపలుంటే నా వల్ల అయ్యేది కాదు.

మేత రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. వారానికి పావు వంతు నీళ్లు మార్చు, మొత్తం ఎప్పుడూ మార్చకు. కుళాయి నీళ్లు పోసేటట్టయితే క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ చుక్కలు మర్చిపోవద్దు.

ఇక అసలు విషయం. చేపలు వదిలే వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది, అది వాటికి విషం. దాన్ని విరిచేసే బ్యాక్టీరియా కొత్త ట్యాంకులో తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చాలామంది మొదటి నెలలోనే చేపలు చచ్చిపోయి, నా చేతికి అచ్చిరాలేదని ట్యాంకు అటకెక్కించేది ఇందుకే. అందుకని ఈ ఆదివారం షాపుకి కాదు, మా ఇంటికి రా. నా పాత ఫిల్టర్ స్పాంజిలో సగం కోసిస్తాను. అది నీ ఫిల్టర్‌లో పెట్టిన రోజే నాలుగు ప్లాటీలు వేసుకోవచ్చు. రెండు వారాలాగి జీబ్రాలు, ఆ తర్వాత గౌరామీలు. వచ్చేటప్పుడు మూత గట్టిగా పట్టే డబ్బా తెచ్చుకో. స్పాంజిని నా ట్యాంకు నీళ్లలోనే ముంచి ఇస్తాను, దారిలో ఆరిపోకూడదు.

మీ పెద్దమ్మ