మోటర్ ఆపకు, ముందు నోటీసు ఇవ్వు

ఒరేయ్ అల్లుడూ,

నిన్న ఫోన్లో "నీళ్ల మోటర్ ఆపేస్తే అద్దెకున్నవాళ్లే ఖాళీ చేసి పోతారు మామయ్యా" అన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకు. పదేళ్ల కింద నేను చేసిందదే. పై వాటాలో అద్దెకున్నాయనకి రెండు రోజులు నీళ్లు ఆపానో లేదో, ఆయన కోర్టుకెళ్లి నీళ్లు ఆపొద్దని ఇంజంక్షన్ (కోర్టు ఉత్తర్వు) తెచ్చుకున్నాడు. ఐదు నెలల అద్దె ఎగ్గొట్టిన మనిషి బాధితుడైపోయాడు, వాయిదాలకి తిరిగింది నేను. తాళం మార్చి సామాన్లు బయటపెట్టినా అంతే. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద అతను ఆరు నెలల్లోపు దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న గొడవలోకి పోకుండానే కోర్టు మళ్లీ అతనికి అప్పగించమనొచ్చు.

తెలంగాణలో 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం ఉంది. దాని కిందకొస్తే కారణం చూపించాల్సిందే: కావాలని అద్దె ఎగ్గొట్టాడనో, రాతపూర్వక అనుమతి లేకుండా వేరేవాళ్లకి అద్దెకిచ్చాడనో, మనకే ఉండడానికి నిజంగా కావాలనో. అయితే హైదరాబాద్‌లో నెలకి 3,500 దాటిన అద్దెలకి అది వర్తించదు. నీది 14,000 కదా, కాబట్టి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చూడాలి. మీ 11 నెలల అగ్రిమెంట్ ఎప్పుడో అయిపోయి, నువ్వు నెలనెలా అద్దె తీసుకుంటూనే ఉన్నావు కాబట్టి అది నెలవారీ అద్దె కిందే లెక్క, కారణాల గోల లేదు, నోటీసు సరిగ్గా ఉంటే చాలు.

ఆ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు, అదీ అతనికి అందిన రోజు నుంచి. అగ్రిమెంట్లో నెల అని రాసుంటే నెలే ఇవ్వు, పేచీ ఉండదు. కాగితం మీద రాసి, సంతకం పెట్టి పోస్టులో పంపు, రసీదు దాచు. వాట్సాప్‌లో "ఖాళీ చేయండి ప్లీజ్" అని పెట్టి పనైపోయిందనుకోకు.

అందరూ దెబ్బతినేది ఆ తర్వాత. గడువు అయిపోయాక ఒకటో తారీఖున ఫోన్‌పేలో డబ్బు పడుతుంది, మనం సంతోషంగా అద్దె రసీదు ఇచ్చేస్తాం, నోటీసు వదులుకున్నారని అవతలి లాయరు పట్టుకుంటాడు. ఆ డబ్బు అద్దె కాదనీ, ఇల్లు వాడుకున్నందుకు పరిహారంగా తీసుకుంటున్నాననీ, నోటీసు మీద నిలబడే ఉన్నాననీ వెంటనే రాసి పంపు.

అప్పటికీ కదలకపోతే సివిల్ కోర్టులో దావా, అద్దె బాకీ ఉంటే అదీ అందులోనే అడగొచ్చు. నన్నడిగితే ముందు ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడు, బాకీలో ఒక నెల వదిలేసినా కోర్టు ఖర్చు కంటే తక్కువే.

అగ్రిమెంట్ ఫొటో తీసి పంపు. మొదటి పేజీ ఒక్కటే కాదు, వెనక సంతకాల పేజీ కూడా.

మామయ్య