పాఠకుల ప్రశ్నలు: పరిశోధనను లెక్కించే పనిముట్లు

ప్రశ్న: నేను బెంగళూరులోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. పదోన్నతి దరఖాస్తులో హెచ్-ఇండెక్స్ రాయమన్నారు. నేను ప్రచురించిన పత్రాలు తొమ్మిది. గూగుల్ స్కాలర్‌లో వాటికి వచ్చిన సైటేషన్లు (ఇతర పత్రాలు ఉదహరించిన సార్లు) 31, 22, 15, 12, 10, 9, 8, 7, 4. స్కోపస్ అనే పరిశోధన పత్రాల డేటాబేసులో ఎనిమిది పత్రాలే కనిపిస్తున్నాయి. వాటి సైటేషన్లు 24, 17, 11, 9, 6, 5, 3, 1. మొదటిది నా హెచ్-ఇండెక్స్ 7 అంటోంది, రెండోది 5 అంటోంది. ఏది రాయాలి? (ఒక పాఠకురాలు, మల్లేశ్వరం)

జవాబు: రెండు అంకెలూ సరైనవే, ఎందుకంటే రెండూ వేరువేరు జాబితాల మీద వేసిన ఒకే లెక్క. జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించిన ఈ లెక్కను మీరే కాగితం మీద వేసి చూసుకోవచ్చు. సైటేషన్లను పెద్ద సంఖ్య నుంచి చిన్న సంఖ్యకు వరుసగా రాసి, పక్కన 1, 2, 3 అని క్రమసంఖ్యలు వేసుకోండి. క్రమసంఖ్య కంటే సైటేషన్లు తగ్గిన చోట ఆగిపోవాలి; దానికి ముందున్న క్రమసంఖ్యే మీ హెచ్-ఇండెక్స్. మీ స్కోపస్ జాబితాలో ఐదో పత్రానికి 6 ఉన్నాయి కనుక అది నిలిచింది. ఆరో పత్రానికి 5 మాత్రమే ఉన్నాయి కనుక లెక్క 5 దగ్గర ఆగింది. గూగుల్ జాబితాలో ఏడో పత్రానికి 8 ఉన్నాయి, ఎనిమిదో పత్రానికి 7 మాత్రమే ఉన్నాయి, అందుకే అక్కడ 7. మీ మొదటి పత్రానికి 24 బదులు 240 సైటేషన్లు వచ్చినా స్కోపస్ అంకె 5 దాటదు. ఒక గొప్ప పత్రం విలువను ఈ లెక్క పట్టించుకోదన్న సంగతి పదోన్నతి సంఘాల్లో కూర్చునేవారు తప్పక గుర్తుంచుకోవాలి.

జాబితాలు ఎందుకు వేరయ్యాయంటే, ఎల్సెవియర్ సంస్థ 2004లో తెచ్చిన స్కోపస్ తాను ఎంపిక చేసుకున్న జర్నళ్లను, సమావేశ పత్రాలను, కొన్ని పుస్తకాలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. అదే ఏడాది వచ్చిన గూగుల్ స్కాలర్ సిద్ధాంత వ్యాసాలు, ముందస్తు ప్రతులు, విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో పెట్టిన ఫైళ్లు, ఇలా పరిశోధన రచనగా కనిపించిన వాటినన్నింటినీ ఏరుకుంటుంది. అందువల్ల దాని జాబితా విశాలంగా ఉంటుంది గానీ కాపలా తక్కువ. 2012లో స్పెయిన్‌లోని గ్రనాడా విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు, లేని రచయిత పేరుతో ఆరు నకిలీ పత్రాలు తయారుచేసి ఒక వెబ్‌సైట్‌లో పెట్టగా, వాటిలోని సైటేషన్లన్నింటినీ గూగుల్ స్కాలర్ నిజమైనవిగానే లెక్కగట్టింది. వారు ఆ ప్రయోగాన్ని తామే ప్రచురించి హెచ్చరించారు.

ఇక మీ విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది, స్కోపస్‌లో కనిపించని ఆ తొమ్మిదో పత్రం. అది వచ్చిన జర్నల్ స్కోపస్‌లో లేకపోతే చేయగలిగింది లేదు. ఉంటే మాత్రం, అది మీ పేరుతోనే ఉన్న మరొక ప్రొఫైల్ కింద పడి ఉండే అవకాశం చాలా ఎక్కువ. మన తెలుగువారికి ఇది నిత్యం ఎదురయ్యే చిక్కు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఒక పత్రంలో దాన్ని పొడి అక్షరంగా కుదిస్తాం, మరొక దానిలో పూర్తిగా రాస్తాం. పేరులోని చివరి మాటే వంశనామం అనుకునే డేటాబేసు లక్ష్మినో, రావునో, కుమార్‌నో ఇంటిపేరుగా తీసుకుని ఒకే మనిషిని ఇద్దరుగా నమోదు చేస్తుంది. చందా లేకపోయినా స్కోపస్ ప్రివ్యూలో రచయితల ప్రొఫైళ్లు వెతకవచ్చు. మీ పేరును సాధ్యమైనన్ని రూపాల్లో ఇచ్చి చూడండి. రెండో ప్రొఫైల్ కనిపిస్తే రెండింటినీ కలపమని అక్కడే విన్నపం పంపవచ్చు, దానికి రుసుము లేదు. ఆ పత్రానికి స్కోపస్‌లో కనీసం 6 సైటేషన్లు ఉన్నట్లయితే, కలిపిన తర్వాత మీ హెచ్-ఇండెక్స్ 6 అవుతుంది. ఇకముందు ఈ చిక్కు రాకుండా పరిశోధకులను గుర్తించే 16 అంకెల ఆర్కిడ్ సంఖ్యను ఉచితంగా తీసుకుని, ప్రతి పత్రంతో పాటు దాన్ని జర్నల్‌కు ఇవ్వండి.

దరఖాస్తులో పెద్ద అంకె రాయడం తప్పు కాదు, ఎక్కడిదో చెప్పకుండా రాయడమే తప్పు. రెండు అంకెలూ రాసి, పక్కన డేటాబేసు పేరు, చూసిన తేదీ వేయండి.

ప్రశ్న: అక్రెడిటేషన్ కోసం మా విభాగం పదేళ్ల పరిశోధనను విశ్లేషించి నివేదిక ఇవ్వమని యాజమాన్యం అడిగింది. చందా కట్టే స్తోమత మా కళాశాలకు లేదు. ఉచితంగా దొరికే పనిముట్లు ఉన్నాయా? (ఒక అధ్యాపకుడు, యలహంక)

జవాబు: ఉన్నాయి, అవి మంచివి కూడా. మైక్రోసాఫ్ట్ సంస్థ తన పరిశోధన పత్రాల డేటాబేసును 2021 చివర మూసివేసినప్పుడు, ఆ లోటు తీర్చడానికి ఒక లాభాపేక్ష లేని సంస్థ 2022 జనవరిలో ఓపెన్‌అలెక్స్‌ను ప్రారంభించింది. అందులో మీ కళాశాల పేరుతో వెతికి పత్రాల జాబితాను దించుకోవచ్చు. ఆ జాబితాను ఇటలీ ఆచార్యులు తయారుచేసిన బిబ్లియోమెట్రిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెడితే ఏ ఏడాది ఎన్ని పత్రాలు వచ్చాయో, ఎవరు ఎవరితో కలిసి రాశారో పట్టికలుగా వస్తాయి. అది ఆర్ భాషలో నడిచేదే అయినా, ప్రోగ్రామింగ్ రానివారి కోసం బిబ్లియోషైనీ అనే తెర ఉంది. సహ రచయితల బంధాలను పటంగా చూడాలంటే నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం వారి వీఓఎస్‌వ్యూయర్ వాడండి.

అయితే పటం గీసే ముందు పేర్లు సరిచేయాలి. 2014 నవంబరు 1న మన నగరం పేరు ఇంగ్లిష్‌లోనూ అధికారికంగా బెంగళూరుగా మారినా పాత స్పెల్లింగు వాడకం ఆగలేదు కనుక, మీ పదేళ్ల పత్రాల్లో కొన్ని పాత ఇంగ్లిష్ స్పెల్లింగుతోను, కొన్ని కొత్త స్పెల్లింగుతోను ఉంటాయి. కళాశాల పేరు కొన్నింటిలో పూర్తిగా, కొన్నింటిలో పొడి అక్షరాలతో ఉంటుంది. అలాగే వదిలేస్తే పటంలో మీ కళాశాల మూడు నాలుగు చుక్కలుగా చీలిపోతుంది. వీఓఎస్‌వ్యూయర్ థెసారస్ ఫైలు ఒకటి అడుగుతుంది; అది రెండు నిలువు వరుసల సాధారణ టెక్స్ట్ ఫైలు. ఎడమ వరుసలో దొరికిన రూపాన్ని, కుడి వరుసలో ఉండవలసిన రూపాన్ని రాస్తే చాలు. పనిలో అధిక భాగం ఈ ఫైలు దగ్గరే గడుస్తుంది, దాన్ని తొందరపడి ముగించకండి.

నివేదికలో గణితం వారి సైటేషన్లను బయోటెక్నాలజీ వారి సైటేషన్లతో పక్కపక్కన పెట్టవద్దని నా గట్టి మనవి. గణితంలో పత్రాలు నెమ్మదిగా వస్తాయి, ఒక్కో పత్రం ఉదహరించే పత్రాలూ తక్కువే. ప్రతి పత్రాన్నీ అదే రంగంలో, అదే ఏడాది వచ్చిన అదే తరహా పత్రాల సగటుతో పోల్చాలి. ప్రపంచ సగటు 1 అయితే మీది 1.3 అని చెప్పడంలో అర్థముంది. సందేహాలు వస్తే మైసూరు రోడ్డులోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రాంగణంలో ఉన్న డీఆర్‌టీసీ (డాక్యుమెంటేషన్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్) వారిని అడిగి చూడండి. గ్రంథాలయ సేవలను గణితంతో కొలవాలని 1948లోనే ప్రతిపాదించిన ఎస్.ఆర్. రంగనాథన్ 1962లో స్థాపించిన కేంద్రం అది.

ప్రశ్న: నేను చెన్నైలో తెలుగు సాహిత్యం మీద పరిశోధన చేస్తున్నాను. నా వ్యాసాలు వచ్చిన పత్రికలు స్కోపస్‌లో లేవు. నా హెచ్-ఇండెక్స్ సున్నా అని రాయాలా? (ఒక పరిశోధకుడు, ట్రిప్లికేన్)

జవాబు: రాయకండి. మీరు చదివే రంగాన్ని ఆ డేటాబేసు చదవదు, కాబట్టి ఆ సున్నా మీ పని గురించి ఏమీ చెప్పదు. స్థానిక అవసరాలకు, స్థానిక భాషలకు సంబంధించిన పరిశోధనకు రక్షణ ఉండాలని పరిశోధనను అంకెలతో కొలిచే తీరుపై వచ్చిన 2015 నాటి లైడెన్ మేనిఫెస్టో తన పది సూత్రాల్లో మూడోదిగా చెప్పింది; దాన్ని మీ దరఖాస్తులో పేర్కొనండి. యూజీసీ కూడా 2025 ఫిబ్రవరిలో తాను ఆమోదించిన జర్నళ్ల జాబితా అయిన కేర్‌ను నిలిపివేసి, జర్నళ్ల నాణ్యతను పరిశీలించుకునే పనిని విద్యాసంస్థలకే అప్పగించింది. మీ వ్యాసాలను ఉదహరించిన సిద్ధాంత గ్రంథాలను, భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో వెతికి, పేజీ సంఖ్యలతో సహా జాబితా చేయండి. సమీక్షలు వచ్చి ఉంటే వాటి నకళ్లు, ఏ విశ్వవిద్యాలయమైనా మీ రచనను పాఠ్యాంశంగా పెట్టి ఉంటే ఆ సిలబస్ ప్రతి జతచేయండి. అన్నిటికంటే పైన, మీరు ఉత్తమమని భావించే రెండు వ్యాసాల పూర్తి పాఠాన్ని పెట్టి, సంఘ సభ్యులను చదవమని రాతపూర్వకంగా కోరండి.